తక్కువ సామానుతో ప్రయాణం

తక్కువ సామానుతో ప్రయాణం అనగా విహారయాత్రకు, తీర్థయాత్రకు లేదా బంధువుల ఊరికి వెళ్ళేటప్పుడు తప్పనిసరి అయిన వస్తువులను మాత్రమే ఎంచుకొని, ఇతరుల సహాయం లేకుండా ప్రయాణికుడే మోయగలిగినంత బరువుకు సామానును పరిమితం చేసుకొనే పద్ధతి. వెళ్ళే ఊరిలో ఏవి దొరుకుతాయో, ఏవి దొరకవో ముందుగా తెలుసుకోవడం ఈ పద్ధతికి మూలం. దొరికే వస్తువును మోయనవసరం లేదు. దొరకని వస్తువును మరువకూడదు. ఈ వ్యాసంలో గుంటూరు జిల్లాలోని మంగళగిరి పట్టణానికి చేసే యాత్రను ఉదాహరణగా తీసుకొని ఈ పద్ధతి వివరించబడింది. మంగళగిరికి భక్తులు, చేనేత వస్త్రాలు కొనేవారు, వైద్యం కొరకు వచ్చేవారు వేరువేరు అవసరాలతో వస్తారు కనుక ఈ ఉదాహరణ ఇతర ఊళ్ళ ప్రయాణాలకు కూడా ఉపయోగపడుతుంది.

పేర్లు

తెలుగులో ప్రయాణ సామానుకు అనేక పేర్లు కలవు. మూటాముల్లె, పెట్టేబేడా, తట్టాబుట్టా వంటి జంట పదాలు సామాను ఎక్కువగా ఉన్న సందర్భంలో వాడబడతాయి. దారిలో తినడానికి కట్టుకొనే అన్నాన్ని సద్దిమూట అంటారు. నీటిని తీసుకువెళ్ళడానికి మరమూత గల మరచెంబును, పరుపు, దుప్పటి చుట్టడానికి హోల్డాల్‌ను, బట్టలకు ఇనుప ట్రంకు పెట్టెను ఒకప్పుడు విరివిగా వాడేవారు. ప్లాస్టిక్ సీసాలు, వీపు సంచులు, చక్రాల పెట్టెలు వచ్చిన తరువాత వీటి వాడకం చాలావరకు తగ్గిపోయింది.

చరిత్ర

రైళ్ళు లేని కాలంలో దూరప్రయాణం అంటే ఇంటిని వెంట తీసుకువెళ్ళడమే. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసు నుండి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చాడు. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన ఈయన పల్లకీలో, బోయీలతో, దాదాపు వందమంది పరివారంతో ప్రయాణం చేశాడు. ఆ ప్రయాణ విశేషాలు కాశీయాత్ర చరిత్ర పేరుతో 1838లో ముద్రించబడినవి.

సామాను విషయంలో ఈ పుస్తకానికి ఒక ప్రత్యేకత కలదు. రచయిత తాను దిగిన మజిలీలలో నీటి వసతి ఎట్లా ఉన్నదో, అంగళ్ళు ఉన్నాయో లేదో, బసకు చోటు దొరుకుతుందో లేదో నమోదు చేస్తూ వెళ్ళాడు. ముందున్న ఊరిలో బియ్యం, పప్పు దొరుకుతాయని తెలిసినవాడు వాటిని మోయనక్కరలేదు. ఈ విధంగా భారీ సామానుతో సాగిన ఒక యాత్ర, తరువాతి యాత్రికులు సామాను తగ్గించుకోవడానికి కావలసిన సమాచారాన్ని అందించింది.

సామాన్య యాత్రికులు మాత్రం మూట నెత్తిన పెట్టుకొని, లేదా కావడి భుజాన వేసుకొని కాలినడకన వెళ్ళేవారు. మోసేది తామే కనుక వారి సామాను సహజంగానే తక్కువ. ఈ సంప్రదాయం నేటికీ అయ్యప్ప భక్తుల ఇరుముడిలో కనిపిస్తుంది. ఇరుముడికి రెండు భాగాలు ఉంటాయి. ముందు భాగంలో నేతి కొబ్బరికాయ, పూజాద్రవ్యాలు, వెనుక భాగంలో సొంతానికి కావలసిన ఆహార పదార్థాలు ఉంచుతారు. ఏది ఎక్కడ ఉండాలో, ఎంత ఉండాలో ముందే నిర్ణయించబడి ఉండటం వలన మూట పెరగడానికి అవకాశం తక్కువ.

రైళ్ళు వచ్చిన తరువాత సామాను మోసే పని బండిపై, స్టేషన్లలోని కూలీలపై పడింది. కుటుంబాలు పరుపు చుట్టలతో, ట్రంకు పెట్టెలతో, నీటి కూజాలతో బయలుదేరేవి. అమెరికాకు చెందిన బెర్నార్డ్ సాడో చక్రాలు గల పెట్టెకు 1972లో పేటెంటు పొందాడు. విమాన చోదకుడైన రాబర్ట్ ప్లాత్ 1987లో నిలువుగా లాగే రెండు చక్రాల పెట్టెను రూపొందించాడు. చక్రాల వలన సామాను లాగడం సులభమైంది కాని దాని బరువు తగ్గలేదు. రైల్వే వంతెన మెట్లు, బస్సు మెట్లు, కొండ మెట్లు వచ్చినప్పుడు ఆ బరువు మళ్ళీ చేతికే వస్తుంది.

సామాను పెరగడానికి కారణాలు

సామాను పెరగడానికి సాధారణంగా కింది కారణాలు కనిపిస్తాయి.

* అనుమానం: "ఒకవేళ అవసరమైతే" అని పెట్టుకొనే వస్తువులు. వీటిలో చాలావాటిని ఇంటికి తిరిగి వచ్చే వరకు బయటకు తీయరు.
* రోజుల లెక్క: ఎన్ని రోజులు ఉంటే అన్ని జతలు పెట్టుకోవడం. బట్టలు ఉతుక్కొనే వీలు ఉన్నచోట ఈ లెక్క అవసరం లేదు.
* పెట్టె పరిమాణం: పెద్ద పెట్టె తీసుకుంటే ఖాళీ కనిపించిన కొద్దీ నింపడం జరుగుతుంది.
* జంట వస్తువులు: ఒకే కుటుంబంలో నలుగురూ నాలుగు సబ్బులు, నాలుగు చార్జర్లు, నాలుగు నూనె సీసాలు పెట్టుకోవడం.
* మర్యాద: బంధువుల ఇంటికి వట్టి చేతులతో వెళ్ళకూడదనే సంప్రదాయం. పండ్లు, పిండివంటలు, పచ్చళ్ళు ఈ కోవలోకి వస్తాయి.
* మోసేవారు వేరు కావడం: పెట్టె సర్దేవారు ఒకరు, మోసేవారు మరొకరు అయినప్పుడు బరువు ఎంత పెరిగినదీ సర్దేవారికి తెలియదు.

చివరి కారణం ముఖ్యమైనది. సామాను సర్దిన తరువాత సర్దినవారే దానిని ఎత్తుకొని మెట్లు ఎక్కి దిగి చూస్తే, ఏది తీసివేయాలో సులభంగా తెలుస్తుంది.

బరువు పరిమితులు

శరీరం

వీపు సంచి బరువుకు ఒక కొలబద్దగా భారత ప్రభుత్వం 2020లో ప్రకటించిన పాఠశాల సంచుల విధానాన్ని చెప్పవచ్చును. విద్యార్థి సంచి అతని శరీర బరువులో 10 శాతాన్ని మించరాదని ఈ విధానం సూచిస్తుంది. అంటే 50 కిలోల బరువున్న విద్యార్థికి 5 కిలోలు. పెద్దవారు కొంతసేపు ఇంతకంటే ఎక్కువ మోయగలిగినా, గంటల తరబడి నడవవలసిన యాత్రలో ఇదే లెక్క సుఖమైనది. బరువు ఒకే భుజంపై వేలాడితే నడుము ఒక పక్కకు వంగుతుంది కనుక రెండు పట్టీలు గల సంచి మేలు. బరువైన వస్తువులను వీపుకు దగ్గరగా సర్దాలి.

రైలు

భారతీయ రైల్వేలలో ఒక్కొక్క టిక్కెట్టుకు ఉచితంగా తీసుకువెళ్ళగల సామాను తరగతిని బట్టి మారుతుంది.

* ఏసీ మొదటి తరగతి: 70 కిలోలు
* ఏసీ రెండు అంచెలు: 50 కిలోలు
* ఏసీ మూడు అంచెలు, ఏసీ కుర్చీ పెట్టె: 40 కిలోలు
* స్లీపరు తరగతి: 40 కిలోలు
* రెండవ తరగతి: 35 కిలోలు

ఈ అంకెలు రైల్వేలు అనుమతించే గరిష్ఠ పరిమితులు. ప్రయాణికుడు మోయగల బరువుకు కొలతలు కావు. చిన్న స్టేషన్లలో బండి కొద్ది నిమిషాలే ఆగుతుంది. ఆ వ్యవధిలో పిల్లలను, వృద్ధులను దించి, 40 కిలోల పెట్టెలను కూడా దించడం కష్టం. కదిలే బండి నుండి సామానుతో దిగబోయి పడిపోవడం ప్రాణాపాయం. దించవలసిన సంచుల సంఖ్య దిగే పెద్దల సంఖ్యను మించకుండా చూసుకొనడం మంచిది.

విమానం

దేశీయ విమానాల సాధారణ తరగతిలో లోపలికి అప్పగించే సామాను ఎక్కువగా 15 కిలోలు, చేతిసంచి 7 కిలోలుగా ఉంటుంది. సంస్థను, టిక్కెట్టును బట్టి ఇది మారుతుంది. 2006 ఆగస్టులో లండన్‌లో విమానాలపై ద్రవ పేలుడు పదార్థాలతో దాడికి జరిగిన కుట్ర బయటపడిన తరువాత, అంతర్జాతీయ విమానాల చేతిసంచిలో ద్రవ పదార్థాలను 100 మిల్లీలీటర్ల సీసాలకు పరిమితం చేసే నియమం అనేక దేశాలలో అమలులోకి వచ్చింది. ఫోన్‌కు విద్యుత్తునిచ్చే పవర్ బ్యాంకులను చేతిసంచిలోనే ఉంచాలి. అప్పగించే సామానులో పెట్టరాదు.

కొబ్బరికాయలను విమానాల చేతిసంచిలో సాధారణంగా అనుమతించరు. అయితే శబరిమల యాత్రా కాలాన్ని దృష్టిలో ఉంచుకొని, ఇరుముడిలోని కొబ్బరికాయలకు 2022 నవంబరులో తాత్కాలిక అనుమతి ఇవ్వబడింది.

దుస్తులు, మంగళగిరి నేత

సామాను బరువులో పెద్ద భాగం సాధారణంగా దుస్తులదే. మూడు జతల పద్ధతి దీనికి అనువైనది: ఒంటిమీద ఒకటి, దండెం మీద ఒకటి, సంచిలో ఒకటి. ఈ పద్ధతి పనిచేయాలంటే రాత్రి ఉతికిన బట్ట ఉదయానికి ఆరాలి. కనుక బట్ట మందం ముఖ్యమవుతుంది.

ఈ విషయంలో మంగళగిరి చేనేత వస్త్రం మంచి ఉదాహరణ. ఇక్కడి నేత గుంట మగ్గాలపై జరుగుతుంది. పడుగుకు, పేకకు 80వ నంబరు నూలును విరివిగా వాడతారు. నూలు నంబరు అనగా ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తాయో ఆ సంఖ్య. నంబరు పెరిగిన కొద్దీ దారం సన్నమవుతుంది. సన్నని దారంతో నేసిన బట్ట పలుచగా, తేలికగా ఉంటుంది. నీటిని తక్కువగా నిలుపుకొని త్వరగా ఆరుతుంది. జీన్స్ గుడ్డ కూడా నూలే అయినా లావు దారంతో దట్టంగా నేయడం వలన తడిస్తే చాలా బరువెక్కుతుంది, ఆరడానికి ఎక్కువ సమయం పడుతుంది.

మంగళగిరి చీరకు ఒడలు సాదాగా ఉండి, నిజాం అంచుగా ప్రసిద్ధి చెందిన జరీ అంచు ఉంటుంది. సాదా ఒడలు కావడం వలన ఒకే రవికె రెండు మూడు చీరలకు సరిపోయేలా రంగులను ఎంచుకోవచ్చును. అదే చీరను పగలు గుడికి, సాయంత్రం బంధువుల ఇంటికి కూడా కట్టుకోవచ్చును.

ఈ వస్త్రానికి కొన్ని పరిమితులూ కలవు. నూలు చీర త్వరగా నలుగుతుంది. గంజి పెట్టిన చీరకు ఇస్త్రీ అవసరమవుతుంది కనుక ప్రయాణానికి గంజి లేకుండా ఉంచుకోవడం మేలు. కొత్త ముదురు రంగు బట్టను మొదటి ఉతుకులో విడిగా ఉతకాలి. వర్షాకాలంలో గాలిలో తేమ ఎక్కువగా ఉండి బట్టలు ఆరవు కాబట్టి, ఆ నెలలలో ఒక జత అదనంగా ఉంచుకోవాలి. గుంటూరు ప్రాంతంలో ఎండాకాలం ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం సాధారణం. అప్పుడు కొద్ది గంటలలోనే బట్టలు ఆరిపోతాయి.

ఆహారం, నీరు

ఒక లీటరు నీరు ఒక కిలో బరువు ఉంటుంది. నలుగురికి రెండేసి లీటర్లు తీసుకుంటే 8 కిలోలు. ఒక్కొక్కరికి ఒక లీటరు సీసా ఉంచుకొని దారిలో నింపుకుంటే ఈ బరువు సగమవుతుంది. అయితే మండుటెండలో నీటిని తగ్గించుకోవడం ప్రమాదకరం. నీరు దొరికే చోట్లు ముందుగా తెలిస్తేనే చిన్న సీసాతో బయలుదేరాలి.

ఆహారంలో బరువు తక్కువ, నిలువ ఎక్కువ ఉన్నవి ప్రయాణానికి అనుకూలం. అటుకులు, మరమరాలు, వేరుశనగ ఉండలు, జంతికలు ఈ కోవకు చెందినవి. పులిహోరలో చింతపండు పులుపు, నూనె ఉండటం వలన మామూలు అన్నం కంటే ఎక్కువసేపు నిలుస్తుంది. అందుచేతనే ఇది తెలుగువారి ప్రయాణ ఆహారంగా స్థిరపడింది. అయినా ఎండాకాలంలో దానిని అదే రోజు తినివేయాలి. స్టీలు డబ్బాకు బదులు విస్తరాకులో లేదా అరటాకులో కట్టుకుంటే, తిన్న తరువాత ఖాళీ డబ్బాను మోయవలసిన పని ఉండదు.

ఉదాహరణ: మంగళగిరికి మూడు రోజుల యాత్ర

మంగళగిరి విజయవాడ, గుంటూరు నగరాల మధ్య, జాతీయ రహదారి 16పై ఉన్నది. రైలు, బస్సు రెండు మార్గాలలోనూ చేరవచ్చును. ఇక్కడ కొండ దిగువన లక్ష్మీనరసింహస్వామి ఆలయం, కొండ మీద పానకాల నరసింహస్వామి ఆలయం, శిఖరాన గండాల నరసింహస్వామి సన్నిధి కలవు. దిగువ ఆలయపు పదకొండు అంతస్తుల గాలిగోపురాన్ని రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు 19వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో కట్టించాడు.

ఎగువ ఆలయంలో స్వామికి బెల్లపు పానకం నివేదిస్తారు. సమర్పించిన పానకంలో సగం స్వామి స్వీకరించి, మిగిలిన సగాన్ని ప్రసాదంగా వదులుతాడని భక్తుల విశ్వాసం. పానకం కొండపైనే లభిస్తుంది కనుక బెల్లం, బిందె ఇంటి నుండి తేనవసరం లేదు. రాత్రివేళ దేవతలు స్వామిని పూజిస్తారనే నమ్మకంతో ఈ ఆలయాన్ని మధ్యాహ్నం తరువాత మూసివేస్తారు. కావున కొండ ఎక్కడం ఉదయం పనే. మెట్ల మార్గంలో వెళ్ళేవారు పెద్ద సంచిని బసలో వదలి, నీళ్ళ సీసా, కొంత డబ్బు, ఫోను మాత్రమే తీసుకువెళ్ళవచ్చును. మెట్లు ఎక్కలేనివారికి ఘాట్ రోడ్డు కూడా ఉన్నది. ఇటువంటి సౌకర్యాన్ని తిరుమలలో మరొక రీతిలో చూడవచ్చును: కాలినడకన వెళ్ళే భక్తుల సామానును తిరుమల తిరుపతి దేవస్థానమే దిగువ నుండి కొండపైకి ఉచితంగా చేరుస్తుంది.

ఇటువంటి యాత్రకు ఒక్కొక్కరికి సరిపోయే సామాను ఇది.

* ఒంటిమీది జత కాక రెండు జతల బట్టలు, లోదుస్తులు
* పలుచని తువ్వాలు ఒకటి. దుప్పటిగాను, తలపాగాగాను కూడా పనికివస్తుంది
* ఒక లీటరు నీటి సీసా
* పళ్ళపొడి లేదా టూత్ పేస్టు, బ్రష్షు, దువ్వెన
* సొంత మందులు
* గుర్తింపు పత్రం, ఫోను, చార్జరు
* మడిచిన ఖాళీ గుడ్డసంచి ఒకటి

సబ్బు, కొబ్బరినూనె, కత్తెర, సూది దారం, టార్చి వంటివి కుటుంబం మొత్తానికి ఒక్కొక్కటి చాలును. గొడుగును కాలాన్ని బట్టి చేర్చుకోవాలి. గుడికి వెళ్ళేవారు చెప్పులు పదే పదే విడువవలసి ఉంటుంది కాబట్టి సులభంగా విడిచే ఒక్క జత చెప్పులు సరిపోతాయి.

తగ్గించకూడని వస్తువులు

సామాను తగ్గించడంలో జరిగే పెద్ద పొరపాటు, బరువు చూసి కాక స్థలం చూసి తీసివేయడం. మందుల పొట్లం చిన్నదే, తేలికే. కాని దానిని మరచిపోతే యాత్ర ఆసుపత్రిలో ముగియవచ్చును. మధుమేహం, రక్తపోటు, ఉబ్బసం, మూర్ఛ వంటి వ్యాధులున్నవారు యాత్ర రోజులకు సరిపడా మందులతోపాటు రెండు మూడు రోజుల మందులు అదనంగా ఉంచుకోవాలి. వీటిని వైద్యుని చీటీతో సహా చేతిసంచిలోనే పెట్టుకోవాలి. పెద్ద పెట్టెలో పెడితే, ఆ పెట్టె తప్పిపోయిన రోజున మందులు కూడా పోతాయి.

మంగళగిరిలో 2018లో ప్రారంభమైన అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు (ఎయిమ్స్) దూర ప్రాంతాల నుండి రోగులు వస్తారు. అటువంటి ప్రయాణంలో బట్టల కంటే పాత పరీక్షల కాగితాలు, వాడుతున్న మందుల పేర్లు, గుర్తింపు పత్రాలు ముఖ్యం. వీటిని తేదీల వారీగా ఒకే ఫైలులో ఉంచాలి. రోగి వెంట వచ్చేవారికి ఎన్ని రోజులు పడుతుందో ముందుగా తెలియదు. కనుక వారికి ఒక దుప్పటి, ఒక గ్లాసు, పళ్ళెం అదనపు బరువుగా భావించరాదు.

గుర్తింపు పత్రాలను ఫోనులో దాచుకొనే డిజిలాకర్ సదుపాయం 2015లో ప్రారంభమైంది. అందులోని ఆధార్, డ్రైవింగ్ లైసెన్సులను రైలు ప్రయాణంలో గుర్తింపుగా చూపవచ్చును. విదేశ ప్రయాణానికి మాత్రం అసలు పాస్‌పోర్టు తప్పనిసరి.

తిరుగు ప్రయాణం

వెళ్ళేటప్పుడు తేలికగా ఉన్న సంచి వచ్చేటప్పుడు బరువెక్కడం సాధారణం. మంగళగిరి నుండి చీరలు, పంచెలు, గుంటూరు నుండి మిరపకాయలు, పచ్చళ్ళు కొనకుండా వచ్చేవారు తక్కువ. అందుకే వెళ్ళేటప్పుడే సంచిలో కొంత చోటు ఖాళీగా ఉంచాలి, లేదా మడిచిన గుడ్డసంచిని తీసుకువెళ్ళాలి. ఎక్కువగా కొన్నవారు తపాలా పార్సిల్ ద్వారా గాని, ఆర్టీసీ పార్సిల్ సేవ ద్వారా గాని ఇంటికి పంపవచ్చును. ఈ ఖర్చును ముందుగా లెక్క వేసుకుంటే కొనుగోలు కూడా అదుపులో ఉంటుంది.

విదేశాలకు వెళ్ళే విద్యార్థులు

గుంటూరు, ప్రకాశం జిల్లాల నుండి ఉన్నత చదువులకు అమెరికా వెళ్ళే విద్యార్థులకు సాధారణ తరగతిలో 23 కిలోల చొప్పున రెండు పెట్టెలు అనుమతించడం పరిపాటి. ఇందులో ఎక్కువ భాగం పచ్చళ్ళు, పొడులు, కుక్కరు, బట్టలతో నిండుతుంది. వీరు గమనించవలసిన విషయాలు కొన్ని కలవు.

* విజయవాడ నుండి దేశీయ విమానంలో వెళ్ళి, వేరే టిక్కెట్టుతో అంతర్జాతీయ విమానం ఎక్కేవారికి, మొదటి విమానంలో దేశీయ పరిమితి వర్తించవచ్చును. అప్పుడు 46 కిలోల సామానులో చాలా భాగానికి అదనపు రుసుము చెల్లించవలసి వస్తుంది.
* కారం, పచ్చళ్ళు చేతిసంచిలో పెట్టరాదు. మాంసం పచ్చళ్ళపై అమెరికా సుంకాధికారుల ఆంక్షలు కలవు. తీసుకువెళ్ళే ఆహార పదార్థాలను ప్రకటన పత్రంలో తెలపాలి.
* చేరబోయే ఊరిలో భారతీయ దుకాణం ఉంటే పప్పులు, బియ్యం, కుక్కరు అక్కడే దొరుకుతాయి. ఈ సంగతిని ముందుగా వెళ్ళిన విద్యార్థులను అడిగి తెలుసుకోవాలి.
* ధ్రువపత్రాలు, మందులు, ఒక జత బట్టలు చేతిసంచిలో ఉండాలి.

పరిమితులు

తక్కువ సామాను అందరికీ ఒకే విధంగా సాధ్యం కాదు. పసిపిల్లలు, వృద్ధులు, గర్భిణులు, రోగులు ఉన్న కుటుంబానికి కొంత సామాను తప్పదు. ఉతికే వీలు, నీటి వసతి లేని చోట మూడు జతల పద్ధతి పనిచేయదు. అక్కడ దొరికేదే కదా అని అన్నీ కొనుక్కోవడం డబ్బు ఉన్నవారికే సులభం. పేద యాత్రికులు బియ్యం, పొయ్యి సామాను తెచ్చుకోవడానికి కారణం ఖర్చే గాని అజ్ఞానం కాదు.

అలాగే తువ్వాళ్ళు, దుప్పట్లు, చార్జర్లు అన్నింటికీ బంధువులపై ఆధారపడటం బరువును తగ్గించడం కాదు, ఇంకొకరి ఇంటిపై మోపడం. ప్రయాణికుడు తన అవసరాలను తానే తీర్చుకుంటూ, తన సంచిని తానే మోయగలిగినప్పుడే ఈ పద్ధతి పూర్తి ప్రయోజనాన్ని ఇస్తుంది. ఒక చేయి ఖాళీగా ఉన్నవాడు పిల్లవాని చేయి పట్టుకోగలడు, పెద్దవారికి మెట్టు ఎక్కేటప్పుడు ఆసరా ఇవ్వగలడు.

ఇవి కూడా చూడండి

* మంగళగిరి
* పానకాల నరసింహస్వామి ఆలయం
* మంగళగిరి చీరలు
* కాశీయాత్ర చరిత్ర
* ఏనుగుల వీరాస్వామయ్య
* ఇరుముడి
* భారతీయ రైల్వేలు